రాణిగారికి మీసం మొలిచింది

ముందు ఒక చిన్న లెక్క. కంగారు పడకండి, ఎంసెట్ స్థాయిది కాదు.

28 మిల్లీమీటర్ల బొమ్మ ఒకటి మీ ముందు ఉందనుకోండి. బొటనవేలి పై కణుపంత ఉంటుంది. ఐదున్నర అడుగుల మనిషిని 60 రెట్లు కుదిస్తే వచ్చే సైజు అది. ఇప్పుడు మీ టీషర్టు నుంచి ఊడి గాల్లో తేలుతున్న ఒక నూలుపోగును తీసుకోండి. మందం 15 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే అందులో పదిహేను. పొడవు 2 మిల్లీమీటర్లు. మన చొక్కా మీద పడితే కంటికి కూడా ఆనదు. అదే ఆ బొమ్మ ముఖం మీద పడితే? 60తో గుణించండి. దాదాపు ఒక మిల్లీమీటరు మందం, 12 సెంటీమీటర్ల పొడవున్న దారం ముక్క మీ ముఖానికి అంటుకున్నట్టు! తలవెంట్రుక అయితే మరీ దారుణం. దాని మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది కాబట్టి బొమ్మ లెక్కలో అది 4 మిల్లీమీటర్ల తాడు. బట్టలు ఆరేసుకునే నైలాన్ తాడు ఉంటుంది చూడండి, అదే.

పైగా రంగు తడిగా ఉన్నప్పుడు పడితే అది ఉత్త పోగులా కూడా మిగలదు. తడి రంగు దాని వెంట పాకి, చుట్టూ పేరుకుని, ఆరాక చిన్న గట్టులా తయారవుతుంది. ఆ గట్టు మీద నీడ రంగు వేస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. దాచుదామని రంగు వేసేకొద్దీ లావెక్కుతుంది.

నా వారాంతపు పిచ్చిలో సగం యుద్ధం ఈ దుమ్ముతోనే. ఆ పిచ్చి పేరు మినియేచర్ పెయింటింగ్. కాగితం మీద మొఘలుల కాలం నాటి చిత్రాలు కాదండోయ్, బుల్లి బుల్లి బొమ్మలకు రంగులేయడం. ఇది ఇంగ్లండ్‌లో బాగా ముదిరిన జబ్బు. సైన్స్ ఫిక్షన్ రాసిన హెచ్.జి.వెల్స్ పెద్దమనిషి 1913లోనే బొమ్మ సైనికులతో ఆడే ఆటకు రూల్స్ పెట్టి 'లిటిల్ వార్స్' అని పుస్తకం వేశాడు. ఇవాళ ఈ రంగంలో అందరికీ తెలిసిన గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 1975లో మొదలైంది, నాటింగ్‌హామ్‌లో ఉంటుంది. వాళ్ల వార్‌హామర్ బొమ్మలే చాలామందికి ఈ లోకంలోకి గేటు. ఒక్కో పెట్టె ధర చూస్తే మనకు నెలవారీ ఈఎంఐ గుర్తొస్తుంది. అందుకే నాలాంటివాళ్లు త్రీడీ ప్రింటర్ ఉన్న స్నేహితుణ్ణి వెతుక్కుంటారు.

నాకు దొరికాడు. మేమిద్దరం ఒకే టీమ్. పగలు ఇద్దరం ఒకే బగ్ చుట్టూ తిరుగుతాం, రాత్రి అతను బ్లెండర్‌లో బొమ్మలు చెక్కుతాడు. ఆ కుర్రాడు చెక్కిందే రాణీ రుద్రమదేవి. కత్తి ఎత్తి, ఒక కాలు రాయి మీద పెట్టి, పై వస్త్రం గాలికి ఎగురుతున్న రుద్రమ. రెసిన్‌లో ప్రింట్ చేసి నా చేతిలో పెట్టాడు. నేను రంగులేసి మా మేనకోడలి పుట్టినరోజుకు ఇవ్వాలి. ఆరో తరగతి చదువుతోంది. కాకతీయులంటే పడి చస్తుంది, ఓరుగల్లు కోట రెండుసార్లు చూసింది. "ఈసారి ఫోన్ వద్దు మామయ్యా, బొమ్మ కావాలి" అని ఒక పిల్ల నోరు తెరిచి అడిగిందంటే అది మామూలు విషయమా చెప్పండి? మూడు వారాలు టైముంది. ఆఫీసు పోగా చేతికి దొరికేవి ఆరు పొద్దులు.

రెండో పొద్దున ముఖానికి చర్మం రంగు వేసి, కాఫీ తాగొచ్చి, ఫోన్‌లో జూమ్ చేసి చూస్తే పై పెదవి మీద అడ్డంగా ఒక గీత. రాణిగారికి మీసం! ఫొటో మేనకోడలికి పంపితే వెంటనే వాయిస్ మెసేజ్: "ఉంచెయ్ మామయ్యా! శాసనాల్లో ఆవిడ పేరు రుద్రదేవ మహారాజు అనే ఉంటుంది కదా, బాగుంటుంది." చరిత్ర పరంగా ఆ పిల్ల మాటకు తిరుగులేదు. కానీ ఆ మీసం రంగు నీలం.

నీలం అనేదే నాకు దొరికిన క్లూ.

మా ఫ్లాట్ నల్లగండ్ల వైపు. కిటికీ తీస్తే నాలుగు దిక్కులా టవర్లు లేస్తుంటాయి. ఇక్కడ ఎవర్నడిగినా ఇంట్లో దుమ్ముకు కారణం బయటి కన్‌స్ట్రక్షనే అంటారు. సిమెంటు బూడిద రంగులో ఉంటుంది, మట్టి ఎర్రగా ఉంటుంది. నీలి రంగు నూలు ఏ బిల్డరు వాడతాడు? ఏదైనా సర్వర్ పడిపోతే ముందు లాగ్స్ చూస్తాం కదా, అలాగే దుమ్ముకూ లాగ్స్ పెట్టాను. కరెంటు పనికి వాడే నల్ల టేపు ముక్కలు కోసి, జిగురు వైపు పైకి పెట్టి ఇల్లంతా అంటించాను. నా టేబుల్ మీద ఫ్యాన్ కింద ఒకటి, మంచం పక్కన ఒకటి, కిటికీ గట్టు మీద ఒకటి, బీరువా లోపల ఒకటి, బోర్లించిన స్వీట్ డబ్బా కింద ఒకటి.

అమ్మ చూసింది. "ఏరా, ఇల్లంతా ఈ టేపులేంటి? బల్లులకా?"

"బల్లులకు కాదమ్మా, దుమ్ముకు."

"దుమ్మును పట్టడానికి టేపెందుకురా, చీపురుంది కదా" అని వెళ్లిపోయింది. ఆ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

గంట తర్వాత టేపుల్ని ఫోన్ మాక్రోలో చూశాను. కిటికీ గట్టు మీద బూడిద రంగు నలుసులు ఉన్నాయి, కానీ తలుపులు మూసి ఉండటంతో మరీ ఎక్కువ లేవు. డబ్బా కింద టేపు దాదాపు కొత్తదానిలా ఉంది. మంచం పక్కన పెట్టింది మాత్రం చూడాలి! తెలుపు, గులాబీ, నీలం పోగులు, సంక్రాంతి ముగ్గులా. ఆ గంటలో మంచం మీద జరిగిన పని ఒక్కటే. ఆరిన బట్టలు తెచ్చి, ఒక్కోటీ గట్టిగా దులిపి, మడతపెట్టడం. వాటిలో మా నీలం రంగు టర్కీ టవల్ ఒకటి. రాణిగారి మీసం దాని బిడ్డే.

అంటే మన బొమ్మల మీద పడే దుమ్ములో, కనీసం ముఖాలు పాడుచేసే రకంలో, ఎక్కువ భాగం రోడ్డు నుంచి రాదు. మన ఒంటి మీది బట్టల నుంచి, దుప్పట్ల నుంచి, తువాళ్ల నుంచి వస్తుంది. ఇంకో పెద్ద దొంగ బ్రష్ తుడుచుకునే టిష్యూ. బ్రష్ నీళ్లలో కడిగి టిష్యూకు ఒత్తితే నీరు పోతుంది, బదులుగా రెండు పోగులు బ్రష్ మొనకు ఎక్కుతాయి. అవి గాల్లోంచి పడక్కర్లేదు. మనమే బ్రష్‌తో తీసుకెళ్లి ముఖానికి పూస్తాం. అందుకే నేను టిష్యూ మానేసి, కళ్లజోడు తుడిచే గుడ్డ వాడుతున్నాను. అది తడిసి ముద్దయితే ఇంకోటి. రంగు ముంచే ముందు బ్రష్ మొనను ఒకసారి వెలుగులో పట్టుకుని చూడటం కూడా అలవాటైపోయింది. రెండు క్షణాల పని.

ఇక వేసుకునే బట్టలు. ఉన్ని స్వెటర్, కొత్త కాటన్ టీషర్టు రెండూ వద్దు. నేను పాత క్రికెట్ జెర్సీ వేసుకుంటాను. నున్నటి పాలియెస్టర్, పోగులు పెద్దగా రాలవు. భుజాన తువ్వాలు వేసుకుని పని చేసే అలవాటు మా నాన్నది, నాకూ వచ్చింది. దాన్ని మాత్రం గది బయటే వదిలేస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం, ఫ్యాన్. దుమ్ము గాల్లో ఎంతసేపు ఉంటుందనేది దాని సైజును బట్టి ఉంటుంది. ఇంటర్‌లో స్టోక్స్ నియమం చదివే ఉంటారు, మార్కుల తర్వాత మర్చిపోయి ఉంటారు. నిశ్చలమైన గాలిలో 10 మైక్రాన్ల నలుసు సెకనుకు దాదాపు 3 మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది. అంటే మీ తలపై నుంచి టేబుల్ మీదికి మీటరున్నర దూరం రావడానికి ఎనిమిది నిమిషాలు. 20 మైక్రాన్లయితే దానికి నాలుగు రెట్ల వేగం, రెండే నిమిషాలు. నూలుపోగులు కాస్త అటూ ఇటూ ఊగుతూ దిగుతాయి, అయినా అదీ నిమిషాల లెక్కే. అదే ఒక మైక్రాన్ నలుసుకు వందో వంతు వేగం. మీటరున్నర దిగడానికి పద్నాలుగు గంటల దాకా పడుతుంది. అది ఎప్పుడు కిందికి వస్తుందా అని కూర్చుంటే తెల్లారిపోతుంది.

కానీ చూడండి, ఆ ఒక్క మైక్రాన్‌ను 60తో గుణిస్తే వచ్చేది 0.06 మిల్లీమీటరు. మన ముఖం మీద వెంట్రుక మందమంత చుక్క. ఎవరికీ కనిపించదు. అంటే బొమ్మను పాడుచేసే దుమ్ము తొందరగా కిందికి దిగిపోతుంది, తొందరగా దిగని దుమ్ము బొమ్మను పాడుచేయదు. ప్రకృతి మన పక్షాన ఇంత అనుకూలంగా నిలబడే సందర్భాలు తక్కువ. మనం చేయాల్సిందల్లా ఫ్యాన్ ఆపి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఎవరూ కదలకుండా గదిని వదిలేయడం. అప్పుడు నెమ్మదిగా వెళ్లి కూర్చోవడం. ఎయిర్ ప్యూరిఫయర్ ఉంటే ముందు గంటసేపు ఆన్ చేసుకుని, రంగు మూత తీసే ముందు ఆపేయండి. అది శుభ్రమైన గాలే ఊదుతుంది కానీ, ఆ గాలి టేబుల్ మీద పడుకున్న దుమ్మును నిద్ర లేపుతుంది.

చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీల్లో ఇందుకు పూర్తిగా ఉల్టా పద్ధతి. అక్కడ గాలిని ఆపరు, నిరంతరం నడిపిస్తారు. అమెరికాలో శాండియా లేబొరేటరీకి చెందిన విల్లిస్ విట్‌ఫీల్డ్ అనే ఫిజిసిస్టు 1960ల మొదట్లో ఈ ఆలోచన చేశాడు. ఎంత తుడిచినా దుమ్ము పోవడం లేదు కదా, పైకప్పు నుంచి ఫిల్టర్ చేసిన గాలిని ఒకే వేగంతో కిందికి పంపి, నేల మీది జల్లెళ్లలోంచి లాగేస్తే? మనిషి కదిలి రేపిన దుమ్మును కూడా ఆ గాలి అప్పటికప్పుడు కిందికి ఈడ్చుకుపోతుంది. ఇవాళ మీ చేతిలోని ఫోన్‌లో ఉన్న చిప్ అలాంటి గదిలోనే పుట్టింది. మనకు ఆ స్తోమత లేదు. మనది ఫ్యాన్ ఆపి చెమటలు తుడుచుకునే టెక్నాలజీ.

చెమట అంటే గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో మే నెలలో ఫ్యాన్ లేకుండా గంటన్నర కూర్చోమంటే ఎవరి వల్లా కాదు. అందుకే నా పని పొద్దున ఐదున్నర నుంచి ఏడు వరకు. అప్పుడు చల్లగా ఉంటుంది, కింద రోడ్డు మీద టిప్పర్లు ఇంకా మొదలవవు, రాత్రంతా దుమ్ము దిగి ఉంటుంది. ఇంట్లో ఎవరూ కదలరు. ఏడింటికి అమ్మ చీపురు పడుతుంది.

చీపురు దగ్గరికి వస్తామన్నాను కదా. పొడి చీపురు దుమ్మును తీసేయదు, చోటు మారుస్తుందంతే. పెద్ద చెత్త చేటలోకి పోతుంది. సన్నది గాల్లోకి లేస్తుంది. అమ్మ ఊడుస్తున్న పది నిమిషాలు టేబుల్ మీద పెట్టిన టేపు, తర్వాత చూస్తే మంచం పక్కన టేపుకు తోబుట్టువులా ఉంది. సరే, నా బొమ్మకు డబ్బా ఉంది, దాని కింద దాక్కుంటుంది. సమస్య తీరిపోయింది అనుకునేదే, కానీ ఆ టేపు తీసుకెళ్లి అమ్మకు చూపించినప్పుడు ఆవిడ అడిగిన ప్రశ్న వేరు.

"ఇదంతా నేను పీలుస్తున్నానా?"

మా అమ్మకు ఆయాసం ఉంది. పదేళ్ల నుంచీ ఉంది. ఇన్‌హేలర్ ఫ్రిజ్ మీద ఉంటుంది, ఊడవడం మొదలుపెట్టే ముందు చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. నేను ఆ దృశ్యం రోజూ చూస్తూనే పెరిగాను. ఆ కొంగు ఆపేది పెద్ద నలుసుల్ని. నా బొమ్మకు అక్కర్లేదని లెక్కలోంచి తీసేసిన ఆ ఒక మైక్రాన్ దుమ్ముంది చూశారా, గంటల తరబడి గాల్లో తేలేది, బొమ్మ మీద కంటికి కూడా కనిపించనిది, అదే ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లేది. వార్తల్లో పీఎం 2.5 అని చెబుతారే, ఆ కోవకు చెందినదే. పెద్ద నలుసును ముక్కు, గొంతు ఆపేస్తాయి. సన్నదాన్ని ఆపవు. బొమ్మకూ అమ్మకూ దుమ్ము లెక్కలు సరిగ్గా తలకిందులు. బొమ్మ కోసం నేను కనిపెట్టిన పావుగంట చిట్కా అమ్మకు ఏమీ ఉపయోగపడదు.

అప్పట్నుంచి ఇంట్లో చర్చలు. సులభం కాదు లెండి. నలభై ఏళ్ల అలవాటు మీద కొడుకు వచ్చి పీపీటీ చూపిస్తే ఒప్పుకునే అమ్మలు తెలుగు నేల మీద పుట్టలేదు.

"తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము లేవదమ్మా. ఊడవడం అవసరమే లేదు."

"ఊడవకుండా తుడిస్తే అది బురద అవుతుంది, శుభ్రం కాదు."

ఆవిడ చెప్పిందీ నిజమే. కాబట్టి మధ్యేమార్గం పట్టాం. చెత్త, వెంట్రుకలు ఉన్నచోట కొంచెం తడి చేసిన గుడ్డతో నెమ్మదిగా ఒత్తి ఎత్తడం, తర్వాత మాప్. అల్మారాలు, టీవీ పైన దులపడం బంద్, తడిగుడ్డే. బట్టలు దులపాలంటే బాల్కనీలో. ఇదంతా ఎవరు చేయాలన్నది రెండో చర్చ. నేనే అన్నాను. ఆఫీసు కాల్స్ అయ్యాక రాత్రి తొమ్మిదింటికి చేస్తానన్నాను. అప్పుడు రేగిన కాస్త దుమ్ము కూడా తెల్లారేసరికి దిగిపోతుంది, నా బొమ్మకూ మంచిదే.

అమ్మ కొయ్యబారిపోయింది. "దీపాలు పెట్టాక ఇల్లు ఊడుస్తావా? లక్ష్మి వెళ్లిపోతుందిరా!"

"ఊడవడం కాదమ్మా, తుడవడం. చీపురు ముట్టుకోను."

చాలాసేపు ఆలోచించింది. చివరికి, "తుడిస్తే ఫరవాలేదులే. కానీ చెత్త రాత్రి బయట పడేయకు, మూలన పెట్టు" అని తీర్పు చెప్పింది. ఇప్పుడు వారం పైన అయింది. అమ్మ ఇంకా రోజుకోసారి చీపురు కనిపించే చోటికి వెళ్లి నిలబడుతుంది, సిగరెట్ మానేసినవాడు పాన్‌డబ్బా దగ్గర నిలబడినట్టు. పొద్దున దగ్గు తగ్గిందా అని అడిగితే "ఏమో, చూడాలి" అంటోంది. వారం రోజులకే ఏదీ తేల్చి చెప్పలేం. ఇన్‌హేలర్ ఫ్రిజ్ మీదే ఉంది, డాక్టర్ చెప్పినట్టే వాడుతోంది.

దీనివల్ల నా వైపు కూడా ఒక రూల్ వచ్చింది. రెసిన్ బొమ్మకు సపోర్టులు కోసిన చోట మచ్చలుంటాయి, వాటిని గరుకు కాగితంతో రుద్దాలి. ఆ పొడి చాలా సన్నగా ఉంటుంది, ఊపిరికి అస్సలు మంచిది కాదు. కాబట్టి పొడిగా రుద్దడం మా ఇంట్లో నిషేధం. మగ్గులో నీళ్లు పెట్టుకుని, బొమ్మనూ నీళ్లకు పనికొచ్చే గరుకు కాగితాన్నీ తడిపి, మాస్కు, గ్లౌజులు వేసుకుని రుద్దుతాను. పొడి గాల్లోకి లేవకుండా నీళ్లలోనే ఉండిపోతుంది. మీ ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లు లేకపోయినా ఇలాగే చేయండి, మీకూ రెండు ఊపిరితిత్తులే ఉన్నాయి.

సరే, రాణిగారి దగ్గరికి వెళ్దాం. రంగు మొదలుపెట్టే ముందు బొమ్మకు స్నానం. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో. జిడ్డు పోతుంది, మడతల్లో కూరుకున్న పొడి పోతుంది. ఆరనివ్వండి. పొడి గుడ్డతో మాత్రం రుద్దకండి. ప్లాస్టిక్‌ను పొడిగుడ్డతో రుద్దితే ఏమవుతుందో చిన్నప్పుడు దువ్వెనతో కాగితం ముక్కలు ఎత్తినవాళ్లందరికీ తెలుసు. స్టాటిక్ పట్టిన బొమ్మ దుమ్మును రమ్మని పిలుస్తుంది. చలికాలం గాలి పొడిగా ఉన్నప్పుడు ఇది ఇంకా ఎక్కువ.

తర్వాత ప్రైమర్. ఇక్కడ దుమ్ము కాని దుమ్ము ఒకటుంది. స్ప్రే డబ్బాతో కొట్టాక బొమ్మంతా సన్నటి ఇసుక చల్లినట్టు గరుగ్గా కనిపిస్తే గదిని తిట్టుకోకండి. ఎండలో, దూరం నుంచి కొడితే రంగు తుంపరలు గాల్లోనే ఆరిపోయి పొడిలా వచ్చి అంటుకుంటాయి. మన ఏప్రిల్, మే నెలల్లో ఇది మరీ మామూలు. పొద్దున్నే చల్లటి వేళ, డబ్బా మీద రాసిన దూరం పాటిస్తూ, చిన్న చిన్న విసుర్లతో కొడితే సరిపోతుంది. స్ప్రే ఎప్పుడూ ఆరుబయటే. వర్షాకాలంలో దీనికి వేరే తంటా. గాల్లో తేమ ఎక్కువైతే మ్యాట్ వార్నిష్ పాలపొరలా తెల్లబడుతుంది.

రంగులేసేటప్పుడు బొమ్మను చేత్తో పట్టుకోను. ఖాళీ మాత్రల డబ్బా మూత మీద జిగురు బంకతో నిలబెట్టి, డబ్బాను పట్టుకుంటాను. వేలి జిడ్డు, గోటి దుమ్ము రెండూ తప్పుతాయి. అక్రిలిక్ రంగు పలచటి పొర అయితే ఐదు పది నిమిషాల్లో అంటుకోకుండా ఆరుతుంది. అపాయం ఆ ఐదు పది నిమిషాలే. ఎనామిల్ అయితే గంటలు, ఆయిల్ కలర్ అయితే రోజులు. అందుకే దుమ్ముండే ఇళ్లలో అక్రిలిక్కే హాయి. ఆరబెట్టడానికి హెయిర్ డ్రయ్యర్ పట్టుకునేవాళ్లున్నారు. అది గదిలోని దుమ్మును ఏరి మరీ బొమ్మ మీదికి కొడుతుంది.

పొర వేయగానే పైన డబ్బా బోర్లిస్తాను. మిఠాయి షాపులో లడ్డూలు ఇచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా. దాన్ని కూడా తడిగుడ్డతో తుడిచి పెట్టాలి, పొడిగుడ్డతో తుడిస్తే అదే దుమ్ము అయస్కాంతం. డబ్బా అంచు కింద రెండు రూపాయి బిళ్లలు పెడితే సన్నటి సందు ఉంటుంది. రంగులోని నీరు ఆవిరై బయటికి పోవాలి కదా. పూర్తిగా మూసేస్తే ఆరదు, ఎంత ఎక్కువసేపు తడిగా ఉంటే అంత ప్రమాదం. ముఖం వేసిన రోజు బొమ్మను నిలబెట్టను. డబ్బాను వాలుగా ఆనించి ముఖం కిందికి ఉండేలా పెడతాను. దుమ్ము పైనుంచే పడుతుంది. పడితే వీపు మీద పడనీ, అక్కడ పై వస్త్రం ఉంది, దాచుకోవచ్చు.

ఇంత చేసినా పడుతుంది. పడినప్పుడు ఏం చేయాలి? రంగు ఇంకా పూర్తిగా తడిగా ఉంటే, శుభ్రమైన తడి బ్రష్ మొనతో పోగు ఒక చివర తాకించి పైకి లేపితే వచ్చేస్తుంది. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. సగం ఆరి జిగురుగా ఉంటే చేతులు కట్టుకుని కూర్చోండి. ఆ దశలో ముట్టుకుంటే పోగుతో పాటు చర్మం ఊడొస్తుంది. పూర్తిగా ఆరనివ్వండి, ఒక రోజంతా. తర్వాత 2000 నంబర్ గరుకు కాగితాన్ని చిన్న త్రికోణంగా కోసి, తడిపి, పుల్లకు అంటించి నాలుగుసార్లు మెల్లగా. రుద్దేది గట్టును మాత్రమే. రాణిగారి మీసం అలా తీశాను. పై పెదవి మీద కాస్త తెల్ల ప్రైమర్ తేలింది. పలచగా రెండు పొరలు వేస్తే కలిసిపోయింది. దీని వెనక రెండు పొద్దులు పోయాయి.

ఈ తంటాలన్నీ పడుతున్నప్పుడు నాకు కొండపల్లి వాళ్లు గుర్తొస్తుంటారు. తెల్ల పొనికి చెక్కతో బొమ్మ చెక్కుతారు. కాళ్లు, చేతులు అతికించడానికి వాడే మక్కు దేంతో చేస్తారో తెలుసా? చింతగింజల గుజ్జులో రంపపు పొట్టు కలిపి. పని చేసేచోట లేచే దుమ్మునే జిగురులో కలిపేసుకున్న తెలివి అది. మా మగ్గులోని రెసిన్ పొడితో మాత్రం అలాంటి ప్రయోగాలు చేయకండి.

ప్రస్తుతం రుద్రమ ముఖం, నగలు, కత్తి అయిపోయాయి. పై వస్త్రానికి ఎరుపు మూడో పొర డబ్బా కింద ఆరుతోంది. మిగిలింది రాయి, నేల, వార్నిష్. గాజు పెట్టెలో పెట్టి ఇద్దామనుకున్నాను, దుమ్ము బాధ ఉండదని. అక్క ఫోన్‌లో నవ్వింది. "పెట్టెలో ఉంచుతుందని ఎలా అనుకున్నావురా? దాన్ని బడికి తీసుకెళ్తానంటోంది, లంచ్ బాక్సు పక్కన." అందుకని ప్లాన్ మార్చాను. ముందు గట్టిదనం కోసం గ్లాస్ వార్నిష్ రెండు పొరలు, మెరుపు పోవడానికి పైన మ్యాట్ ఒకటి. కత్తి మొన విరిగితే అతికించడానికి విడిగా ఇంకో కత్తి ప్రింట్ చేయమని ఫ్రెండ్‌కు చెప్పాను. పెరుగన్నం, మామిడికాయ పచ్చడి మరకలు తట్టుకునే వార్నిష్ ఏదైనా మీకు తెలిస్తే చెప్పండి, పుట్టినరోజుకు ఇంకా ఎనిమిది రోజులుంది.